తెలిసినవాళ్ల డయాగ్నస్టిక్ సెంటర్‌కు నెట్‌వర్క్ కేబులింగ్ నేనే చేసి ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నారు. ఉప్పల్‌లో మీ సొంతింటికి క్యాట్ 6 (నెట్‌వర్క్‌కు వాడే రాగి తీగల రకం) కేబుల్ మీరే లాగుకున్నారు, అంతా బాగా నడుస్తోంది. ఇప్పుడు తెలిసినాయన ఒకరు కూకట్‌పల్లిలో రెండంతస్తుల డయాగ్నస్టిక్ సెంటర్ పెడుతున్నారు. కంప్యూటర్లు, కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు కలిపి నలభై పాయింట్ల దాకా ఉంటాయి. "బయటివాళ్లెందుకు, రెండు ఆదివారాలు కూర్చుని నువ్వే చేసిపెట్టు, డబ్బులిస్తా" అన్నారు. చేయొచ్చా, చేస్తే రిస్క్ ఏంటి అని అడిగారు.

కేబుల్ లాగి టెర్మినేట్ చేసే (చివర్లకు జాక్‌లు బిగించే) పనిని మీ పేరు మీద ఒప్పుకోకండి. ఏ గదిలో ఎన్ని పాయింట్లు, ర్యాక్ (కేబుళ్లన్నీ వచ్చి చేరే బీరువా) ఎక్కడ, స్విచ్‌లు (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలు) ఏవి కొనాలి, వాటి కాన్ఫిగరేషన్ ఎలా ఉండాలి అన్న పని తీసుకోండి, దానికి డబ్బులు అడగండి. గోడల్లో, సీలింగ్‌లో ఉండిపోయే కేబుల్‌ను మాత్రం ప్రతి పాయింట్‌కూ టెస్ట్ రిపోర్ట్ ఇవ్వగలిగిన కాంట్రాక్టర్‌కు వదిలేయండి.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా స్ట్రక్చర్డ్ కేబులింగ్, అంటే బిల్డింగ్ మొత్తానికి పద్ధతిగా నెట్‌వర్క్ కేబుల్ వేసే పనిలో ఉన్నాను. కొత్త ఆఫీసులకు వేయడం ఎంత చేస్తామో, వేరేవాళ్లు వేసింది విప్పి సరిచేయడం కూడా దాదాపు అంతే చేస్తాం. కింద రాసినవి ఎక్కువగా ఆ రెండో రకం పనిలో చూసినవే.

మీకు పని రాదని నేను అనడం లేదు. ఇల్లు చక్కగా వేసుకున్నారంటే చేతిలో పనితనం ఉన్నట్టే. కానీ ఇంట్లో నలుగురికి వండిపెట్టగలిగినంత మాత్రాన పెళ్లి వంట ఒప్పుకోం కదా. ఇంట్లో ఒక పాయింట్ పోతే మీరు ఆ సాయంత్రం చూసుకుంటారు. అక్కడ పొద్దున ఆరున్నరకు ఖాళీ కడుపుతో వచ్చి లైన్లో కూర్చున్న పేషెంట్లు ఉంటారు, బిల్లింగ్ కౌంటర్ ఆగిపోతుంది, మీరేమో మీ ఆఫీసులో షిఫ్టులో ఉంటారు.

చెడ్డ కేబులింగ్ మొదటి రోజు బయటపడదు, అదే అన్నిటికంటే పెద్ద సమస్య. లింక్ లైటు వెలుగుతుంది, ఇంటర్నెట్ వస్తుంది, ఓనర్ సంతోషంగా డబ్బులిస్తాడు. కొన్ని నెలల తర్వాత ఒక కౌంటర్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో తెగిపోతుంది, ఎక్స్-రే ఇమేజ్ డాక్టర్ కంప్యూటర్‌కు చేరడానికి నిమిషాలు పడుతుంది. స్విచ్ అమ్మినవాళ్లు కేబుల్ తేడా అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు నెట్‌వర్క్ తేడా అంటారు. ఇంటర్నెట్ వాళ్లు తమ బాక్స్ దాకా అంతా సరిగ్గానే ఉందంటారు. అందరూ చివరికి కేబుల్ వేసిన మనిషి వైపే చూస్తారు. ఆ రోజు మీ కేబుల్ మంచిదని చూపించే కాగితం మీ దగ్గర లేకపోతే, తప్పు ఎవరిదైనా అది మీదే అవుతుంది.

"నేను టెస్టర్‌తో చెక్ చేస్తాను" అంటారేమో. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కొన్న ఎనిమిది లైట్ల టెస్టర్ చెప్పేది ఒక్కటే: ఈ చివరి ఒకటో పిన్ ఆ చివరి ఒకటో పిన్‌కు కలిసిందా లేదా అని. ఆ తీగ మీద గిగాబిట్ సిగ్నల్ ఎలా వెళ్తుందో దానికి తెలియదు. ఆ తేడా ఎంతో అర్థం కావాలంటే స్ప్లిట్ పెయిర్ గురించి చెప్పాలి.

క్యాట్ 6 కేబుల్లో నాలుగు జతలు మెలితిప్పి ఉంటాయి. ఒక జతలోని రెండు తీగల మీద ఒకే సిగ్నల్ ఎదురెదురుగా నడుస్తుంది కాబట్టే పక్క జత నుంచి వచ్చే అలజడి రద్దవుతుంది. మనం వాడే టీ568బీ అనే రంగుల వరుసలో తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అని పెట్టడానికి కారణం, మూడో పిన్, ఆరో పిన్ కలిసి ఒక జత కావాలి. ఇది తెలియనివాళ్లు రంగులు చూడ్డానికి వరుసగా ఉన్నాయని నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని రెండు చివర్లా పెట్టేస్తారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతాయి. కానీ మూడు, ఆరు పిన్‌ల మీద వెళ్లే సిగ్నల్ రెండు వేర్వేరు జతల్లోని తీగల మీద నడుస్తుంటుంది. అంటే మెలిక ఉన్నా ఉపయోగం లేనట్టే.

హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో సరిగ్గా ఇదే చూశాం. వాళ్ల పాత స్విచ్ 100 ఎంబీపీఎస్‌ది. ఆ వేగానికి వాడేది రెండు జతలే, దూరాలు కూడా తక్కువ, కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. దానికి పది రెట్ల వేగమున్న గిగాబిట్ స్విచ్ పెట్టాక నాలుగు జతలూ పనిలోకి వచ్చాయి. సర్వర్ నుంచి ఫైలు తెరవాలంటే నరకం. రిటర్నుల గడువు దగ్గర పడుతుంటే ఆఫీసంతా టెన్షన్. ముందు స్విచ్ మార్చారు, తర్వాత సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు మార్చారు, తర్వాత యాంటీవైరస్ తీసేశారు. సర్టిఫికేషన్ టెస్టర్ (సిగ్నల్ నాణ్యతను కొలిచే మీటర్) పెడితే మొదటి పాయింట్‌లోనే నెక్స్ట్ ఫెయిల్ అని వచ్చింది. నెక్స్ట్ అంటే ఒకే చివర దగ్గర ఒక జత సిగ్నల్ పక్క జతలోకి ఎంత కారుతోందో చూపే కొలత. అన్ని పాయింట్లూ కోసి మళ్లీ టెర్మినేట్ చేశాం, కేబుల్ మార్చే అవసరం రాలేదు. వాళ్లకు ఖర్చయిన డబ్బులో ఎక్కువ భాగం అంతకుముందు అనవసరంగా మార్చిన సామానుకే పోయింది.

రంగుల వరుస మీకు తెలిసే ఉంటుంది. కానీ జాక్ దగ్గర జతను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదని, కేబుల్‌ను దాని మందానికి నాలుగు రెట్ల కంటే చిన్న వంపు తిప్పకూడదని, సుమారు 11 కిలోల బలానికి మించి లాగకూడదని నలభై పాయింట్లలోనూ, ఆఖరి పాయింట్ దగ్గర చేతులు పీకుతున్నప్పుడు కూడా పాటించాలి. ఎక్కడ తప్పిందో కంటికి కనిపించదు. మీటర్‌కే కనిపిస్తుంది.

ఇక కేబుల్ సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. క్యాట్ 6 అని ముద్ర వేసి సగం ధరకు అమ్మే బాక్సుల్లో చాలావాటిలో ఉండేది పూర్తి రాగి కాదు. అల్యూమినియం తీగ మీద పల్చటి రాగి పూత. మార్కెట్లో సీసీఏ అంటారు. కేబులింగ్ ప్రమాణాలు దీన్ని అసలు ఒప్పుకోవు. దీని రెసిస్టెన్స్ రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. తీగను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనబడుతుంది. 305 మీటర్ల బాక్సును ఎత్తి చూస్తే బరువులోనే తెలిసిపోతుంది.

కంప్యూటర్ పాయింట్‌కైతే ఇది కొన్నాళ్లు నడుస్తుంది. మీ సెంటర్లో కెమెరాలు, యాక్సెస్ పాయింట్లు ఉన్నాయన్నారు కదా, వాటికి కరెంటు కూడా ఈ కేబుల్లోనే వెళ్తుంది. 2003లో వచ్చిన మొదటి పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు పంపే పద్ధతి) ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు. 2009లో అది 30 అయింది. 2018లో వచ్చిన ప్రమాణంలో 90 వాట్ల దాకా వెళ్లింది. రెసిస్టెన్స్ ఎక్కువున్న తీగలో ఆ కరెంటు వేడిగా మారిపోతుంది, చివర ఉన్న పరికరానికి వోల్టేజ్ చాలదు.

శంషాబాద్ వైపు ఒక గోడౌన్‌లో కెమెరాలు పగలంతా బాగుండి, చీకటి పడగానే ఒకదాని తర్వాత ఒకటి ఆగి మళ్లీ ఆన్ అయ్యేవి. కెమెరాలు రెండుసార్లు మార్చారట. రాత్రి కాగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు దానికి ఎక్కువ కరెంటు కావాలి. సీసీఏ కేబుల్, దూరం ఎక్కువ, దాంతో వోల్టేజ్ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అయ్యేది. దొంగలు వచ్చేది చీకట్లోనే కాబట్టి ఆ కెమెరాలు ఉన్నా లేనట్టే. అక్కడ కేబుల్ మొత్తం తీసేసి వేయాల్సి వచ్చింది. వేసిన కుర్రాడు మోసం చేయలేదు, షాపులో "ఇదే అందరూ తీసుకుంటారు సార్" అంటే నమ్మి తెచ్చాడు. కానీ ఓనర్‌కు ఆ తేడా అక్కర్లేదు కదా.

ఇంకొకటి, మన ఊరి ఎండలు. కేబుల్ పొడవుకు 100 మీటర్ల పరిమితి (గోడల్లో స్థిరంగా ఉండే భాగం 90, రెండు వైపులా ప్యాచ్ కార్డులు, అంటే పరికరాలకు తగిలించే చిన్న కేబుళ్లు, కలిపి 10) అందరికీ నోటికి వచ్చు. ఆ లెక్క 20 డిగ్రీల దగ్గరది. ఆ పైన ప్రతి డిగ్రీకీ మామూలు యూటీపీ (లోహపు కవచం లేని) కేబుల్లో సిగ్నల్ నష్టం సుమారు 0.4 శాతం పెరుగుతుంది, 40 దాటితే ఇంకా ఎక్కువ. మే నెలలో పై అంతస్తు స్లాబు కింద ఫాల్స్ సీలింగ్‌లో ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే పై అంతస్తులో 90 మీటర్ల దాకా సాగదీసే ప్లాన్ మేం వేయం. టెర్రస్ మీదకు వెళ్లే కెమెరాకు లోపల వాడే కేబుల్ వేస్తే ఎండకు తొడుగు పగిలి, వర్షాకాలంలో నీళ్లు లోపలి నుంచి పాకుతూ కెమెరా దాకా వస్తాయి.

ఇప్పుడు గోడల గురించి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

మీది డయాగ్నస్టిక్ సెంటర్ కాబట్టి ముందు ఇది చెప్పాలి. ఎక్స్-రే, సీటీ గదుల గోడలు రేడియేషన్ బయటకు రాకుండా లెక్క ప్రకారం కడతారు, తలుపులకు సీసపు రేకు ఉంటుంది. ఈ యంత్రాలన్నీ ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోకి వస్తాయి. కేబుల్ కోసం ఆ గోడకు ఎక్కడో అక్కడ డ్రిల్లు పెడితే ఆ రక్షణకు మీరే కన్నం పెట్టినట్టు. యంత్రం అమ్మే కంపెనీ ఇచ్చే సైట్ డ్రాయింగ్‌లో కేబుల్ ఎక్కడి నుంచి వెళ్లాలో ఉంటుంది, దాన్నే పాటించాలి. ఈ మాట అడగకుండానే కొటేషన్ ఇచ్చే కాంట్రాక్టర్ వచ్చినా పంపించేయండి.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు కొత్త కమర్షియల్ బిల్డింగుల్లో చాలావాటికి పోస్ట్ టెన్షన్డ్ స్లాబులు. అందులో ఉక్కు తీగలు విపరీతమైన బిగువులో ఉంటాయి. బిల్డింగ్ వాళ్ల అనుమతి, డ్రాయింగ్ లేకుండా కింది నుంచి గానీ పై నుంచి గానీ రంధ్రం వేయకూడదు. మీ కూకట్‌పల్లి బిల్డింగ్ ఎలాంటిదో ముందు కనుక్కోండి.

కరెంటు పైపులో ఖాళీ ఉంది కదా అని డేటా కేబుల్ అందులోంచి లాగడం నేను చాలాచోట్ల చూశాను. దయచేసి చేయకండి. ఏడాది తర్వాత ఏసీకి కొత్త లైను కోసం ఎలక్ట్రీషియన్ అదే పైపులో తీగ గుంజుతాడు, ఇన్సులేషన్ ఒలిచిపోతుంది, 230 వోల్టులు మీ ర్యాక్ దాకా వస్తాయి. ర్యాక్‌కు ఎర్తింగ్ లేకపోతే దాన్ని ముట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఎర్తింగ్, ర్యాక్‌కు వచ్చే పవర్ పాయింట్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేయాల్సిన పని. అంతస్తు నుంచి అంతస్తుకు వెళ్లే షాఫ్ట్‌లో కేబుల్ కోసం చేసిన కన్నాన్ని మంటలను ఆపే పదార్థంతో తిరిగి మూయాలి. మూయకపోతే కింద మంట లేస్తే పొగకు అదే దారి.

ఆయనకు పక్క బిల్డింగ్‌లో కూడా గది ఉందనుకోండి, "అక్కడికీ ఒక వైర్ లాగేయ్" అంటారు. రెండు బిల్డింగుల మధ్య రాగి కేబుల్ వద్దు. రెండింటి ఎర్తింగ్ వేరు, పిడుగు దగ్గర్లో పడ్డా రెండు వైపులా స్విచ్‌లు కాలిపోతాయి. ఫైబర్ (కరెంటు పారని గాజు తీగ కేబుల్) వేయించాలి. కరెంటు స్తంభం మీదుగా లాగే ఆలోచన అసలు వద్దు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ సంస్థ సిబ్బంది నగరమంతా స్తంభాల మీద కేబుళ్లు కత్తిరించడం మీరూ చూసే ఉంటారు.

చట్టం, డబ్బు వైపు చూద్దాం. కాగితం లేకపోయినా నోటి మాట కూడా ఒప్పందమే. 1872 నాటి భారత ఒప్పంద చట్టం 73వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినందువల్ల మామూలుగా కలిగే నష్టానికీ, కలగొచ్చని ఇద్దరికీ ముందే తెలిసిన నష్టానికీ పరిహారం అడగొచ్చు. "నెట్‌వర్క్ ఆగితే నా బిల్లింగ్ ఆగిపోతుంది" అని ఆయన మీతో ముందే అంటే, ఆ నష్టం మీకు తెలిసినట్టే. తెలిసినాయన కోర్టుకు వెళ్తారా అంటే వెళ్లకపోవచ్చు, కానీ మాటలు పోతాయి, చుట్టరికాలు చెడతాయి. సహాయానికి తెచ్చుకున్న కుర్రాడు నిచ్చెన మీంచి పడితే ఆసుపత్రి బిల్లు ఎవరిది అన్నది కూడా ముందే ఆలోచించాలి. పద్ధతిగా పనిచేసే కాంట్రాక్టర్లకు దీనికి ఇన్సూరెన్స్ ఉంటుంది, మీకుండదు. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చేయకూడదనే షరతు ఉందేమో కూడా చూసుకోండి, సపోర్ట్ కంపెనీల్లో చాలావాటిలో ఉంటుంది.

అలాగని కాంట్రాక్టర్ బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ మంచివాడని చెప్పను. నేను విప్పిన చెడ్డ పనుల్లో కొన్ని మంచి పేరున్నవాళ్లవే. కాబట్టి కొటేషన్ తీసుకునేటప్పుడు మీరు పక్కన కూర్చోండి, మీ అవసరం ఆయనకు నిజంగా అక్కడే. కేబుల్, జాక్, ప్యాచ్ ప్యానెల్ (ర్యాక్‌లో కేబుళ్లు వచ్చి ఆగే జాక్‌ల పలక) ఒకే కంపెనీవి అడగండి. పెద్ద తయారీ కంపెనీలు తమ సర్టిఫైడ్ ఇన్‌స్టాలర్ వేసి, టెస్ట్ ఫలితాలు సమర్పిస్తే 20 నుంచి 25 ఏళ్ల వారంటీ ఇస్తాయి, ఆ వారంటీ పత్రం సెంటర్ పేరు మీద రావాలి. ప్రతి పాయింట్‌కూ "ఫ్లూక్ రిపోర్ట్" కావాలని వర్క్ ఆర్డర్‌లోనే రాయించండి. ఫ్లూక్ అంటే టెస్టర్ తయారుచేసే కంపెనీ, టెస్ట్ రిపోర్టును ఇక్కడ అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. అందులో వైర్ మ్యాప్ (ఏ పిన్ ఏ పిన్‌కు కలిసిందో), పొడవు, నెక్స్ట్, రిటర్న్ లాస్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగి వస్తోందో) ఉంటాయి. పెర్మనెంట్ లింక్ టెస్ట్, అంటే గోడల్లో స్థిరంగా ఉండే భాగానికి చేసే టెస్ట్ అడగండి. పీడీఎఫ్‌తో పాటు టెస్టర్ నుంచి వచ్చే అసలు ఫైలు కూడా తీసుకోండి, పీడీఎఫ్‌ను ఎవరైనా మార్చొచ్చు. టెస్టర్ క్యాలిబ్రేషన్ (దాని కొలతలు సరిచూసిన) తేదీ చూడండి. రిపోర్టులోని నంబరు గోడ మీది లేబుల్‌తో కలవాలి.

మీ వంతు పని కూడా చిన్నదేమీ కాదు. కెమెరాలు, బిల్లింగ్ కంప్యూటర్లు, ఎక్స్-రే యంత్రం, పేషెంట్ల వైఫై వేర్వేరు వీల్యాన్‌లలో (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లలో) పెట్టండి. వెయిటింగ్ హాల్లో వాడని పోర్టులు ఆపేయండి. ప్యాచ్ కార్డులు ఫ్యాక్టరీలో చేసినవే కొనిపించండి, చేత్తో క్రింప్ చేసినవి వద్దు. ఇవి సరిగ్గా చేసే మనిషి దొరకడం కాంట్రాక్టర్ దొరకడం కంటే కష్టం.

ఎప్పుడైతే సొంతంగా చేయొచ్చు? ఒకే గదిలో నాలుగైదు కంప్యూటర్ల చిన్న ఆఫీసు, గోడ మీద కేసింగ్‌లో కంటికి కనిపించే కేబుల్, డ్రిల్లు పని లేదు, ఏ పాయింట్ పోయినా అరగంటలో మార్చేయొచ్చు అనుకుంటే నిక్షేపంగా చేయండి. పూర్తి రాగి కేబుల్ మాత్రం వాడండి. చేతిపని నేర్చుకోవాలని ఉంటే కాంట్రాక్టర్ టీమ్‌తో మీకు వీలైన రోజుల్లో నిలబడి పంచ్‌డౌన్ (తీగలను జాక్‌లో నొక్కి బిగించడం) చేయండి, మంచి టీమ్‌లు కాదనవు. నేను నేర్చుకున్నదీ అలాగే.

ఆయనకు ఎలా చెప్పాలా అని మొహమాటపడకండి. "నేను వేస్తే వారంటీ రాదు, రిపోర్టు రాదు. వాళ్లతో వేయించి నేను దగ్గరుండి చూస్తాను" అనండి. ఇంకో మాట, ఈ పని రెండు ఆదివారాల్లో అయ్యేది కూడా కాదు. కరెంటు పైపులు పడ్డాక, జిప్సమ్ సీలింగ్ మూయకముందు, ఇంటీరియర్ వాళ్లు ఇచ్చే రోజుల్లో కేబుల్ పడాలి. వాళ్లు ఆదివారం కోసం ఆగరు. సీలింగ్ మూసే తేదీ ఇప్పుడే కనుక్కుని, దానికి కనీసం వారం ముందు టెస్టింగ్ పెట్టించండి. ఫెయిలైన పాయింట్లు మళ్లీ లాగి, పాస్ రిపోర్టులు మీ చేతికి వచ్చాకే సీలింగ్ బోర్డు బిగించనివ్వండి, కాంట్రాక్టర్‌కు ఆఖరి చెక్కు కూడా అప్పుడే ఇప్పించండి.